నక్షాలో ఉన్న బీదరు, నక్షాలో లేని బీదరు

ఒక ప్రాంతపు చరిత్రను తెలిసికొనగోరువారు సాధారణముగా మూడు తావులకు పోవుదురు. మొదటిది శాసనము, రెండవది తవారీఖు, మూడవది పెద్దల నోటిమాట. నాలుగవది ఒకటి కలదన్న సంగతి మనలో పెక్కుమందికి స్ఫురింపదు. అది సర్వే ఆఫ్ ఇండియావారు అచ్చొత్తించిన పాత స్థలవర్ణన పటము. మన ప్రాంతపు వాడుకలో నక్షా. బీదరు కోటను గూర్చి, బహమనీ సుల్తానులను గూర్చి, 1472లో పూర్తియైన మహమూద్ గవాన్ మదరసాను గూర్చి వ్యాసములకు కొరత లేదు. గులాం యజ్దానీగారు 1947లో బీదరు చరిత్రను, కట్టడములను గూర్చి పెద్ద గ్రంథమునే ప్రకటించిరి. కాని కోటగోడ దాటిన తరువాతి ఊళ్ళు, చెరువులు, బాటలు, వాగులు, అనగా మన పూర్వులు నిజముగా బ్రతికిన నేల, అట్టి గ్రంథములలో దొరకునది స్వల్పము. అది నక్షాలో దొరకును. ఎంతవరకు దొరకును, దొరకినదానిని ఎంతవరకు నమ్మవచ్చును అని విచారించుటయే ఇచట మా ఉద్దేశము.

ముందుగా బీదరువారు గర్వింపదగిన ఒక సంగతి చెప్పవలెను. భారతదేశమును త్రికోణములుగా విభజించి కొలుచు మహాకార్యమును విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు చెంత ఆరంభించెను. త్రికోణముల కొలత ఎంత దూరము పోయినను, నడుమ నడుమ నేలమీద ఒక సరళరేఖను గొలుసుతో స్వయముగా కొలిచి లెక్కను సరిచూచుకొనవలెను. అట్టి ఆధారరేఖ నొకదానిని లాంబ్టన్ 1815లో బీదరు ప్రాంతమున దామరగిద్ద వద్ద కొలిచెను. ఆయన 1823లో హింగన్‌ఘాటులో మరణింపగా జార్జి ఎవరెస్టు ఆ పనిని ఉత్తరమునకు సాగించెను. 1830లో ఎవరెస్టు ప్రకటించిన గ్రంథము 18 డిగ్రీల 3 నిమిషముల అక్షాంశమునకు, 24 డిగ్రీల 7 నిమిషముల అక్షాంశమునకు నడుమనున్న భూచాపమును గూర్చినది. ఆ మొదటి అంకెయే దామరగిద్ద. 1841లో ఆండ్రూ వా అను అధికారి క్రొత్త పరికరములతో బీదరు ఆధారరేఖను మరల కొలిచెను. హిమాలయ శిఖరమునకు ఎవరెస్టు పేరును తరువాత సూచించినవాడు ఈ వాయే. ఎవరెస్టు శిఖరము పేరు వినని పిల్లవాడు లేడు. దామరగిద్ద పేరు విన్న పెద్దవాడు మన బీదరులో సైతము అరుదు.

ఇక నక్షాలను వెదకు విధము. దేశమంతటిని నాలుగేసి డిగ్రీల గళ్ళుగా విభజించి ప్రతి గడికి ఒక సంఖ్య నిచ్చిరి. మనది 56. దానిని ఒక్కొక్క డిగ్రీ చొప్పున 16 భాగములుచేసి ఇంగ్లీషు అక్షరములతో గుర్తించిరి. ఒక్కొక్క భాగమును పదునైదేసి నిమిషముల చొప్పున మరల 16 పటములుగా కోసిరి. ఈ లెక్కన బీదరు పట్టణము 56 జి/9లో వచ్చును. పట్టణమునకు పడమట కొద్దిదూరమున్న ఊళ్ళు 56 జి/5లోనికి పోవును. 18వ అక్షాంశము దాటగానే పటము మారి 56 ఎఫ్ అగుటచేత, బీదరు పటమును మాత్రమే కొన్నవానికి దామరగిద్ద కనబడదు. చరిత్ర చదువువాడు కాగితపు అంచును దేశపు అంచుగా భావింపరాదన్న మొదటి పాఠము ఇచటనే లభించును.

ఈ పటముల గుణములలో మొదటిది నేల విషయమున సత్యము. ఒక మైలునకు ఒక అంగుళము చొప్పున గీసిన పాత పటములో నేల ఎత్తు గోధుమవర్ణపు రేఖలలో, నీరు నీలములో, పైరు పసుపులో, ఊరు ఎరుపులో చూపబడును. బీదరు చుట్టును ఆ గోధుమరేఖలను పరికించినచో, పట్టణము ఎఱ్ఱరాతి పీఠభూమి అంచున నిలిచియున్నదనియు, కోటకు ఆవల నేల మంజీర లోయవైపు దిగిపోవుచున్నదనియు తెలియును. అహ్మద్ షా వలీ తన రాజధానిని గుల్బర్గానుండి ఇచటికి ఏల మార్చెనని అడిగినచో మనవారు వేటకథ చెప్పుదురు. కుక్కల నెదిరించిన చిన్న మృగమును చూచి ఈ నేల వీరభూమి యని ఆయన తలంచెనట. ఇట్టి కథయే విజయనగరమునకును కలదు. ఒకే కథ రెండు నగరములకు సరిపోయినప్పుడు అది ఏ నగరమును గూర్చియు విశేషముగా చెప్పినట్లు కాదు. నక్షా చెప్పునది వేరు. శత్రువు ఎక్కిరాలేని అంచు, కోటకు తవ్వుకొనదగిన రాయి, క్రింద నది, పైన చదునైన నేల. కథకంటె ఇది మాకు నమ్మదగినదిగా తోచుచున్నది.

రెండవ గుణము కాలముయొక్క సాక్ష్యము. ఒకే చోటికి చెందిన పాత పటమును, తరువాత వచ్చిన 50,000వ వంతు పటమును ప్రక్క ప్రక్కన పెట్టి చూడవలెను. వికారాబాదునుండి వచ్చు రైలుదారి ఒకదానిలో లేక వేరొకదానిలో ఉండవచ్చును. మంజీరపై సింగూరు జలాశయము, కారంజాపై కట్టిన జలాశయము పాత పటములలో లేవు. వాటి స్థానమున ఊళ్ళు ఉన్నవి. ఆ ఊళ్ళకు బాటలున్నవి, బావులున్నవి, గుడి గుర్తులున్నవి. నీట మునిగిన ఊరి బిడ్డలకు తమ తాతల ఇల్లు ఏ దిక్కున ఉండెనో చూపగల కాగితము వేరొకటి దొరకుట కష్టము. మునుగకయే పాడుపడిన ఊళ్ళును కలవు. రెవిన్యూ దస్తరములలో వాటిని బేచిరాగు గ్రామములందురు. చిరాగు లేనిది, అనగా దీపము వెలుగనిది అని అర్థము. నక్షా గీసినవారు అట్టి పాటిగడ్డలకు సహితము వేరుగుర్తు నిచ్చిరి. ఈ ఒక్క పనికే వారికి నమస్కరింపవచ్చును.

గుణములు చెప్పినట్లే దోషములును చెప్పుట విమర్శకుని విధి. వానిలో పెద్దది పేర్ల విషయము. ఊరిపేరు ఊరివాని నోట పుట్టి, పట్వారీ కాగితమున ఒక రూపము దాల్చి, సర్వేయరు చెవిన వేరు రూపము పొంది, తుదకు ఇంగ్లీషు అక్షరములలో స్థిరపడినది. ఆ అక్షరములు ల, ళలకు భేదము నెరుగవు. త, ట లకును, ద, డ లకును అంతే. బీదరు పేరునే పాత ఇంగ్లీషు కాగితములలో మూడువిధములుగా వ్రాసిరి: బెడెర్, బైడర్, బీదర్. ఈ పేరునకు మూలము వెదురునకు కన్నడమున గల బిదిరు అను మాటయని కొందరు, విదురుని నగరమని కొందరు చెప్పుదురు. నక్షా ఈ తగవు తీర్చదు. మన్నెఖేళ్ళి, ఘోడంపల్లి, జన్‌వాడ, కమఠాణ, అష్టూరు మొదలగు ఊళ్ళపేర్లలో కన్నడము, తెలుగు, మరాఠీ, ఉర్దూ కలగలసి యున్నవి. పల్లి అని ముగిసినంతమాత్రమున అది తెలుగు ఊరనియు, హళ్ళి అని ముగిసినంతమాత్రమున కన్నడ ఊరనియు తీర్మానించుట తొందరపాటు. నారాయణఖేడ్ పేరున ఖేడ్ అను మరాఠీ మాట ఉన్నది. అది నేడు తెలంగాణములో ఉన్నది. పేరు ఒక భాషది, పొలము దున్నువాడు ఇంకొక భాషవాడు, లెక్క వ్రాసినది వేరొక భాషలో. ఇదియే మన ప్రాంతపు స్వభావము.

రెండవ దోషము మౌనము. నక్షా నేలపైన కనబడుదానిని చూపును. క్రింద నున్నదానిని సులభముగా చూపజాలదు. నౌబాదు వద్ద బహమనీల కాలమున తవ్విన సొరంగపు నీటికాలువ, దానిపైని బావుల వరుస, నేటి బీదరువారికి అభిమాన విషయములు. కాని ఆ బావులన్నియు ఒకే పాతాళకాలువకు నోళ్ళన్న సంగతి నేలపై తిరిగి కొలుచువానికి దానంతట తెలియునది కాదు. అట్లే చెరువు తవ్వించినది ఎవరు, ఊరికి దూరముగా నున్న వాడలో ఎవరుందురు, బిద్రీ పని ఏ వీధిలో సాగుచుండెను అను ప్రశ్నలకు పటము బదులు చెప్పదు. లాంబ్టన్ పేరును, ఎవరెస్టు పేరును మనము చదివితిమి. ఎండలో గొలుసు మోసిన ఖలాసీల పేర్లు పటమున ఏ మూలను కానరావు. దస్తరములలో జీవితము గడపిన మావంటివారికి కాగితముపై నున్నదే ఉన్నట్లు, లేనిది లేనట్లు తలచు అలవాటు సహజము. నక్షా చదువునపుడు ఆ అలవాటును వాకిటనే విడువవలెను.

ఇప్పుడు మనకు మిక్కిలి దగ్గరి విషయము, సరిహద్దు. నైజాము కాలపు పటములలో బీదరు ఒక జిల్లా. దానిలో తెలుగు, కన్నడ, మరాఠీ తాలూకాలు కలసియుండెను. 1956 నవంబరు 1న రాష్ట్రములు పునర్వ్యవస్థీకరింపబడినపుడు ఉద్గీరు, నీలంగా, అహ్మదుపురము తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకు పోయెను. నారాయణఖేడ్ తాలూకాయు, నిర్ణా సర్కిలు మినహా జహీరాబాదు తాలూకాయు, బీదరు తాలూకాలోని న్యాల్కల్ సర్కిలును ఆంధ్రప్రదేశమునకు చేరెను. మిగిలినది మైసూరు రాష్ట్రమున నిలిచెను. ఒక తాలూకానుండి ఒక సర్కిలును, వేరొక తాలూకానుండి ఒక సర్కిలును విడదీయవలసి వచ్చినదనగా, ఆ గీత ఎంత సన్నని చోట్ల నడచెనో ఊహింపవచ్చును. మైసూరు 1973లో కర్ణాటక మాయెను. గీతకు ఆవలిది 2014లో తెలంగాణ మాయెను. పేర్లు మారినవి కాని గీత కదలలేదు. బీదరులో స్థిరపడిన తెలుగు కుటుంబములలో పుట్టినిల్లు గీతకు ఒక వైపున, మెట్టినిల్లు వేరొక వైపున ఉన్నవి ఎన్నియో కలవు.

పాత నక్షాను చేతబట్టి, చూడుడు, ఇది మనదే, ఈ గీత నిన్నటిది అని వాదించువారు మూడు భాషలవారిలోను కనబడుదురు. ఈ వాదము మాకు సమ్మతము కాదు. పటముపైనున్న రేఖలన్నిటిలో రాష్ట్రపు సరిహద్దు చిన్నవయస్సుది యన్నది నిజమే. నది దానికంటె పాతది, బాట దానికంటె పాతది, సంతకు పోవు అలవాటు దానికంటె పాతది. కాని వయస్సుచేత హక్కు నిర్ణయించుటయైనచో నదియే మనలనందరిని వెడలగొట్టవలసి వచ్చును. నక్షా పట్టా కాదు. అది చెప్పగలది ఒక్కటే: ఈ నేలపై భిన్నభాషలవారు గీతకు ముందునుండియు కలసియుండిరి. ఇచట తెలుగు మాటలాడువాడు నిన్న వచ్చిన అతిథి కాడు. కన్నడము మాటలాడువాడు మన ఇల్లు ఆక్రమించినవాడు కాడు. మన పిల్లలు బడిలో కన్నడము చదువుచున్నారు. ఇంట తెలుగు నిలిచినచో రెండును నిలుచును. ఈ మాట సాక్ష్యముతో చెప్పుటకు నక్షా పనికివచ్చును. అంతకు మించి దానిచే చెప్పించుట అన్యాయము.

కావున నక్షాను ఒంటరిగా చదువరాదు. ఈ విషయమున మార్గము చూపినవారు మన తెలుగువారే. సర్వేయరు కాలిన్ మెకంజీ వద్ద పనిచేసిన ఏలూరు కావలి సోదరులు, బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి, ఊరూర తిరిగి శాసనములను, కైఫీయతులను సేకరించిరి. కొలత ఒకరిది, మాట ఒకరిది. రెండును కలసినపుడే ఊరు పూర్తిగా కనబడును.

పటములు నేడు మునుపటియంత దుర్లభములు కావు. 2005 నాటి జాతీయ పట విధానము రక్షణకు వేరుగా, ప్రజలకు వేరుగా రెండు శ్రేణుల నేర్పరచినది. 2021లో నిబంధనలు మరింత సడలినవి. అమెరికా సైన్యపు పటశాఖ 1950 దశకమున 2,50,000వ వంతున ముద్రించిన భారతదేశ పటములను టెక్సాస్ విశ్వవిద్యాలయపు గ్రంథాలయము ఎల్లరకు చూపుచున్నది. ఒక్క జాగ్రత్త అవసరము. పాత పటము ఎవరెస్టు లెక్కించిన భూగోళాకృతిపై గీసినది. నేటి ఉపగ్రహపు లెక్క వేరు. ఒకదానిపై నొకటి పరచినచో కొన్ని వందల అడుగుల ఎడము వచ్చును. గుడి జరిగినదని, పొలిమేర మారినదని తగవులాడకుడు. జరిగినది లెక్కయే.

మన సంఘములోని ప్రతి కుటుంబమును ఒక్క పని చేయవలెనని మా మనవి. తమ ఊరున్న పటమును సంపాదించి, ఇంటి పెద్దవారి ముందు పరచి, ఇంగ్లీషు అక్షరములలో నున్న ప్రతి ఊరిపేరు ప్రక్కను వారు పలికినట్లు తెలుగులో వ్రాయవలెను. కన్నడ మిత్రుని పిలిచి ఆయన పలికినట్లు కన్నడములోను వ్రాయించవలెను. చెరువు పేరు, మెట్ట పేరు, పాటిగడ్డ పేరు, మునిగిన ఊరిలోని వేపచెట్టు కట్ట పేరు సైతము విడువరాదు. ల కాదు ళ అని దిద్దగల నోళ్ళు ఏటేట తగ్గుచున్నవి. అచ్చుపటమును ప్రభుత్వము మరల అచ్చొత్తింపగలదు. ఆ ఉచ్చారణను ఏ ముద్రాలయమును మరల తేజాలదు.