తమద్దున్ తోటలో మన ఊరు లేదు

మలేసియా తూర్పు తీరంలో తెరెంగాను రాష్ట్రం ఉంది. దాని రాజధాని కువాలా తెరెంగాను. అక్కడ నది మధ్య వాన్ మాన్ అనే దీవిలో 2008లో ఒక పార్కు తెరిచారు. పేరు 'తామన్ తమదున్ ఇస్లాం'. మలయ్ భాషలో తామన్ అంటే తోట. తమదున్ మాటకి ఉర్దూ వచ్చినవాళ్లకు తర్జుమా అక్కర్లేదు, అది మన తమద్దునే. ఇస్లాం నాగరికతా వనం అన్నమాట. దేశదేశాల మసీదులు, కోటలు, సమాధుల నమూనాలు ఇరవైకి పైగా ఇందులో కట్టి పెట్టారు. ఆగ్రా చూసి నాలుగడుగులు వేస్తే గ్రనడా, ఇంకాస్త నడిస్తే సమర్రా. పక్కనే ఉక్కుతో, గాజుతో కట్టిన క్రిస్టల్ మసీదు మాత్రం నమూనా కాదు, నమాజు జరిగే నిజమైన మసీదు. జనం గుమ్మటాల ముందు ఫొటోలు దిగుతారు. మేమూ దిగాం.

ఇలాంటి చోటుని చూసి నవ్వడం తేలిక. పెళ్లి పందిరి సెట్టింగులా ఉందనొచ్చు. కానీ 1992 డిసెంబరు 6న అయోధ్యలో గుమ్మటాలు కూలడం చూసిన తరానికి ఆ నవ్వు అంత తేలిగ్గా రాదు. మన దగ్గర గుమ్మటం ఒక నేరారోపణ. దాని కింద ఏముందో తవ్వి చూడాలంటారు. 2017లో ఉత్తరప్రదేశ్ పర్యాటక శాఖ వేసిన పుస్తకంలో తాజ్‌మహల్‌కే చోటు దొరకలేదు. తెరెంగానులో మాత్రం భారతదేశం వాటాకు వచ్చింది ఆ తాజ్‌మహలే. సొంత ఇంట్లో సంజాయిషీ చెప్పుకోవాల్సిన కట్టడం పరాయి ఊళ్లో మన దేశం పేరుతో నిలబడి ఉంది. చూసి సంతోషించాం. ఆ సంతోషాన్ని దాచుకోం. అయితే దాన్ని నిలదీయకుండానూ ఉండలేం.

భారతదేశంలో ఇస్లాం అంటే తాజ్‌మహలేనా? అదొక పాదుషా తన బేగంకి కట్టించిన సమాధి. ముంతాజ్ 1631లో దక్కనులోని బుర్హాన్‌పూర్‌లో పద్నాలుగో కాన్పులో చనిపోయింది. నమూనాలో తెల్లదనం ఉంది, ఆ కాన్పు లేదు. అల్‌హంబ్రా ఉంది. 1492లో గ్రనడా పడిపోయాక అక్కడి ముస్లింలను బలవంతాన మతం మార్చారు. మారినవాళ్ల సంతతిని సైతం 1609 నుంచి దేశం వెళ్లగొట్టారు. ఆ కథ అల్‌హంబ్రా నమూనాలో లేదు. రష్యాలోని కజాన్ నగరపు కుల్ షరీఫ్ మసీదు ఉంది. 1552లో ఇవాన్ సేనలు కజాన్‌ని పట్టుకున్నప్పుడు ఆ మసీదు నాశనమైంది. ఇప్పుడున్నది తాతార్లు మళ్లీ కట్టుకుని 2005లో తెరిచింది. కూలిన చోటే మసీదు లేపుకున్న ఒక మైనారిటీ కథ అది. ఈ తోటలో అది కూడా మరో అందమైన గుమ్మటం మాత్రమే.

లోపం ఆ పేరులోనే మొదలైంది. తమద్దున్, మదీనా ఒకే ధాతువు నుంచి పుట్టిన మాటలు. మదీనా అంటే నగరం. తమద్దున్ అంటే నగరం అబ్బడం. నగరాలు కట్టినవాళ్లు, ఏలినవాళ్లు, వాళ్ల కోటలు, గోరీలు అందులో కొలువు తీరాయి. ఊళ్లలో పుట్టి, ఊళ్లలో పని చేసి, ఊళ్లలోనే మట్టిలో కలిసినవాళ్ల ఇస్లాంకి తమద్దున్‌లో చోటేది?

ఆశ్చర్యం ఏమిటంటే, ఈ తోటలోనే కొన్ని నమూనాలు తోట లెక్కకి ఎదురు తిరుగుతాయి. చైనాలోని షియాన్ మసీదుకి గుమ్మటం లేదు, చైనా ఇంటికప్పే ఉంది. నైజర్ దేశపు అగాదెజ్ మసీదు మీనారు మట్టితో లేచింది. జావాలోని కుదుస్ మీనారు ఎర్ర ఇటుకల హిందూ గుడి గోపురంలాగే ఉంటుంది. పొరుగున ఉన్న హిందువుల మనసు నొప్పించకూడదని సునన్ కుదుస్ అనే గురువు ఆవును కోయొద్దన్నాడని, అక్కడి ముస్లింలు నేటికీ ఆ మాట పాటిస్తున్నారని చెబుతారు. 2015లో దాద్రిలో ఆవు మాంసం అనుమానంతో మనిషిని కొట్టి చంపిన దేశం నుంచి వెళ్లిన మాకు ఆ ఇటుక మీనారు దగ్గర కాళ్లు కదల్లేదు. ఆ గౌరవం అక్కడివాళ్లు మనస్ఫూర్తిగా ఇచ్చుకున్నది. కర్రతో గుంజుకుంటే అది గౌరవం కాదు, భయం.

అసలు తమద్దున్ ఈ పార్కు బయట, అదే పట్టణంలోని రాష్ట్ర మ్యూజియంలో ఉంది. అదొక రాతి శాసనం. 1303 నాటిదని చెబుతారు. 2009లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. లిపి అరబీ, భాష మలయ్. ఇస్లాం ధర్మాన్నీ అప్పుల, శిక్షల నియమాల్నీ జనానికి చెబుతున్న ఆ రాయి దైవాన్ని పిలిచిన పేరు 'దెవత ములియ రాయ'. దెవత మన దేవతే, ములియ మన మూల్యమే! ఈ రెండూ మన చెవికి కొత్త మాటలా? తెరెంగాను గడ్డ మీద ఇస్లాం తొలి అడుగులు వేస్తున్న రోజుల్లో, అల్లా గురించి చెప్పడానికి సంస్కృతం నుంచి వచ్చి జనం నోళ్లలో నలిగిన మాటల్ని కూడా ఎంచుకుంది. దాంతో దీన్ ఏమీ చెడిపోలేదు. ఆ రాయికి ఒక గుమ్మటం లేదు, ఒక మీనారు లేదు.

ఈ రాతికి తోబుట్టువు మన దగ్గర ఉంది. 16వ శతాబ్దంలో, ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, పొన్నికంటి తెలగన తత్సమాలు విడిచిపెట్టి తొలి అచ్చ తెలుగు కావ్యం 'యయాతి చరిత్ర' రాశాడు. దాన్ని అంకితం తీసుకున్నది పటాన్‌చెరు అమీన్ ఖాన్. తెరెంగానులో అల్లాని సంస్కృతం మాటలతో పిలిచారు, పటాన్‌చెరులో ఒక ఖాన్ అచ్చ తెలుగుకి అండ నిలిచాడు. ముస్లింలకి తెలుగుతో ఏం పనని అడిగేవాళ్లకి ఈ ఒక్క కావ్యం చాలు.

కానీ మనకి అమీన్ ఖాన్‌తో కూడా సరిపోదు. అతడూ ఏలినవాడే. దూది ఏకే విల్లు పట్టుకుని ఊరూరూ తిరిగిన దూదేకులవాళ్ల సంగతేమిటి? ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటూ నమాజు చదువుకునేవాళ్లని 'మీరు నిజంగా ముస్లింలేనా' అని అడిగేది ఎవరు? హిందుత్వ ఒక వైపు, ఉర్దూ ఖాన్‌దాన్ల గొప్పలు మరో వైపు. మొహర్రం పది రోజులూ ఊరంతా కులం, మతం చూడకుండా చేరే పీర్ల చావిడి సంగతేమిటి? దాన్ని 'అసలు ఇస్లాం కాదు' అని తోసేసేది మనవాళ్లే. ముస్లింలు బయటి నుంచి వచ్చారని హిందుత్వ అంటుంది. ఇస్లాం గొప్పంతా బయటి గుమ్మటాల్లో, పాదుషాల గోరీల్లో ఉందని మన పెద్దలు మురిసిపోతారు. రెండు మాటలూ కలిసి మన ఊరి సాయిబుని ఊరికి పరాయివాణ్ణి చేస్తాయి.

తెరెంగాను పాలకులు తమకు నచ్చిన తోట వేసుకున్నారు, అది వాళ్ల ఇష్టం. అందులో చార్మినార్ లేదని మనం అర్జీ పెట్టుకోనక్కర్లేదు. పెట్టినా ఇంకో గుమ్మటాల వరస పెరుగుతుంది, అంతే. మనం రాసుకోవలసిన చరిత్రకి కొలమానం వేరే ఉంది. దూది ఏకే విల్లు, పీర్ల చావిడి, తెలుగులో అడిగే దువా దాని ఆనవాళ్లు. వాటికి నమూనాలు కట్టలేం. వాటిని బతికించుకోవాలి, రాసి పెట్టుకోవాలి. మనం రాయకపోతే మన తరఫున రాసిపెట్టేవాళ్లు చాలామందే ఉన్నారు, ఏం రాస్తారో మనకు తెలుసు.