విల్లు వీణ చేసిన చేతులు

మా తుళ్లూరు నుంచి పడమరకు వెళ్తే అమరావతి. అక్కడి మహాస్తూపం పలకల్లో కొన్ని లండన్‌లో, చాలా భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. వాటి ముందు నిలబడితే నా కళ్లు మొదట వాద్యగత్తెల కోసం వెతుకుతాయి. వాళ్ల ఒళ్లో ఉన్నది మనమెరిగిన వీణ కాదు. దానికి మెట్లు లేవు. పడవలాంటి డొల్ల, అందులోంచి విల్లులా వంగి లేచిన కొమ్ము, రెంటి మధ్యా వరసగా తీగలు. ఒక్కో తీగకు ఒక్కో స్వరం.

అలాంటి వాద్యానికి కొయ్య తొలిచే చెయ్యి, డొల్ల మీద తోలు బిగించే చెయ్యి రెండూ కావాలి. తోలు వదులైతే నాదం పలకదు. తీగల లాగుడుకు కొమ్ము ఓర్చుకోకపోతే శ్రుతి నిలవదు. చూసి చెక్కిన శిల్పి ఈ నిర్మాణమంతా రాతిలో దాచాడు గానీ, చేసినవాళ్లెవరో చెప్పలేదు.

అయితే అమరావతి శాసనాల్లో విధికుడనే చర్మకారుడున్నాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, బిడ్డలతో కలిసి పూర్ణకుంభం చెక్కిన పలకను స్తూపానికి సమర్పించాడు. అతను వీణలకు తోలు బిగించాడని అందులో లేదు. తోలుపని చేసే మనిషి ఇక్కడ సొంత పేరుతో, సకుటుంబంగా దాతగా నిలిచాడన్నది మాత్రం నిజం. నాకు అదే గొప్ప సంగతి.

నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడి బంగారు నాణేల మీదా అమరావతి పలకల్లో ఉన్నలాంటి విల్లు వీణే ఉంది. తర్వాత మెట్ల వాద్యాలు వచ్చాయి. ఒకే తీగ మీద ఎన్నో స్వరాలు, గమకాలు పలికే సౌకర్యం ముందు విల్లు వీణ వెనకబడింది. నేటి 24 మెట్ల వీణను 17వ శతాబ్దపు తంజావూరు రఘునాథ నాయకుడి కాలానిదిగా చెబుతారు. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణలు ఇప్పటికీ చేస్తున్నారు. విల్లు వీణ మాత్రం బర్మాలో బతికే ఉంది. అక్కడ డొల్లకు జింకతోలు కప్పుతారు.

బొమ్మ మిగిలినంత మాత్రాన వాద్యం మిగలదు. తండ్రి చేతి పని బిడ్డ చేతికి అందాలి, అందుకు కొనేవారుండాలి. అమరావతి వీణను మళ్లీ మన నేల మీద చేయించాలని నా కోరిక. గొల్లపల్లి పనివాళ్లనూ, తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంట కళాకారులనూ, బర్మా నిపుణులనూ ఒకచోట కూర్చోబెట్టాలి. పనికి తగ్గ కూలి ముందే ఇవ్వాలి. తయారైన వీణను అద్దాల పెట్టెలో పెట్టకుండా మన సంగీత కళాశాలల పిల్లలకు ఇవ్వాలి. కొయ్య తొలిచినవారి పేరూ తోలు బిగించినవారి పేరూ దాని మీదే చెక్కాలి.