పరిశోధక పత్రికలు - యాజమాన్య సమస్య

పరిశోధక పత్రికల ప్రచురణను గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్ళు సాధారణంగా ధర దగ్గరే ఆగిపోతారు. చందా ఎంత, వ్యాసం ఒక్కింటికి ఎంత, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుందా లేదా అనేవే వారి ప్రశ్నలు. ఇవి అక్కరలేని ప్రశ్నలని కాదు. కాని వీటన్నిటి వెనకా మరొక ప్రశ్న వున్నది: పత్రిక ఎవరిది? ఈ ప్రశ్న వేసుకోకుండా సహకార ప్రచురణను మెచ్చుకోవడం గాని, పెదవి విరవడం గాని తొందరపాటే అవుతుంది.

వ్యాసం రాసేది అధ్యాపకుడు. దాని బాగోగులు తేల్చేది మరో ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు. ఈ పనికి ప్రచురణకర్త సాధారణంగా దమ్మిడీ ఇవ్వడు; జీతమిచ్చి వీరిని పోషించేది విశ్వవిద్యాలయం. ఆ విశ్వవిద్యాలయమే తన గ్రంథాలయ నిధులతో అదే వ్యాసాన్ని తిరిగి కొనుక్కుంటుంది. నేసినవాడే అంగడికి పోయి తన బట్ట తాను కొనుక్కోవడం వంటిది ఇది. నేతగాడికి కనీసం కూలి అయినా ముడుతుంది.

ఈ ఏర్పాటును ఎదిరించినవారిలో లింగ్వా సంపాదకుల కథ చెప్పుకోదగ్గది. 1949లో మొదలైన ఈ భాషాశాస్త్ర పత్రిక కాలక్రమాన ఎల్సెవియర్ కంపెనీ ఆస్తి అయింది. 2015లో సంపాదకులు కంపెనీ ముందు కొన్ని కోరికలు పెట్టారు. వ్యాసాలన్నీ అందరికీ ఉచితంగా దొరకాలి. రచయిత నుంచి వసూలు చేసే రుసుము 400 యూరోలు మించరాదు. కాపీరైటు రచయితకే వుండాలి. పత్రిక పేరు సంపాదకవర్గానికి చెందాలి. కంపెనీ ఒప్పుకోలేదు. యోహాన్ రోరిక్‌తో సహా ఆరుగురు సంపాదకులూ, సంపాదకమండలి సభ్యులు 31 మందీ రాజీనామా చేసి, గ్లోసా అనే కొత్త పత్రికను స్థాపించారు.

పనిచేసేవారంతా ఒక్కుమ్మడిగా లేచిపోయినా కార్ఖానా మూతపడలేదు! కొత్త సంపాదకులను చూసుకుని కంపెనీ లింగ్వాను నడిపింది. భాషాశాస్త్రజ్ఞులు దాన్ని 'జాంబీ లింగ్వా' అని ఎగతాళి చేశారు గాని, ఎగతాళి వల్ల పేరు చేతులు మారదు. ఈ వ్యాపారంలో అసలు పెట్టుబడి అచ్చుయంత్రమూ కాదు, కాగితమూ కాదు. అరవై ఏళ్ళుగా విద్వాంసుల శ్రమతో సంపాదించుకున్న ఆ పేరు. ఉద్యోగాలిచ్చేవారు, పదోన్నతులు తేల్చేవారు వ్యాసం చదవడానికి ముందు చూసేది పత్రిక పేరునే. కుదురుకున్న ఆచార్యుడు కొత్త పత్రికలో రాయగలడు. ఇంకా ఉద్యోగం దొరకని పరిశోధక విద్యార్థికి ఆ ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది?

గ్లోసాకు అండగా నిలిచినవాటిలో ఓపెన్ లైబ్రరీ ఆఫ్ హ్యుమానిటీస్ ముఖ్యమైనది. మార్టిన్ ఈవ్, కారొలైన్ ఎడ్వర్డ్స్ అనే బ్రిటిష్ అధ్యాపకులు స్థాపించిన ఈ సంస్థ 2015లోనే పత్రికల ప్రచురణ ప్రారంభించింది. ఇక్కడ పాఠకుడూ చెల్లించడు, రచయితా చెల్లించడు. గ్రంథాలయాలు తలా కొంత వేసుకుని ఖర్చు భరిస్తాయి. విజ్ఞానశాస్త్రాల్లో రచయిత రుసుమును తరచుగా పరిశోధన గ్రాంటు మోస్తుంది. ప్రబంధాల మీదనో జానపద గేయాల మీదనో పనిచేసేవాడికి గ్రాంటేదీ? పాఠకుడి ముందున్న గేటును పీకి రచయిత ముందు పాతినంత మాత్రాన దాన్ని స్వేచ్ఛ అనలేము. మానవికశాస్త్రాలకు తగిన ఆలోచన చేసినందుకు వీరిని నిస్సంశయంగా అభినందించాలి. చందా వేయని గ్రంథాలయం కూడా చదువుకుంటుంది గదా, అలాంటప్పుడు ఎవరు వేస్తారు అనే సందేహం సహజమే. అయినప్పటికీ వందలాది గ్రంథాలయాలు వేస్తున్నవి.

సహకారమనే మాట వుంటే చాలదని చెప్పడానికి అమెరికాలోని హిస్టరీ కోఆపరేటివ్ వున్నది. రెండు పెద్ద చరిత్రకారుల సంఘాలు, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం, జాతీయ అకాడమీల ముద్రణాలయం కలిసి 2000లో దీన్ని ప్రారంభించాయి. పదేళ్ళు నడిచి ఆగిపోయింది. ఆ సంఘాల పత్రికలు రెండూ ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయానికి చేరాయి. అది ప్రధానంగా చందాదారుల కోసం కట్టిన ఇల్లు. అమ్మేవారు కలిసి అంగడి పెట్టుకోవడమూ సహకారమే, కాని చదివేవాడికి అందులో భాగం లేదు.

గ్లోసా మొదట యుబిక్విటీ ప్రెస్ అనే సంస్థ ద్వారా వెలువడింది. 2021 నాటికి అక్కడినుంచి ఓపెన్ లైబ్రరీకి మారిపోయింది. 2022లో యుబిక్విటీని డి గ్రూటర్ కంపెనీ కొన్నది. మళ్ళీ రాజీనామాలు, కొత్త పేరు వెతుక్కోవడాలు గ్లోసాకు అవసరం కాలేదు. పేరు తమది గనక మూట కట్టుకుని వెళ్ళగలిగారు.

ఇక మన దేశం. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. 2025 నుంచి మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది ప్రచురణకర్తలు. సుమారు 13,000 పత్రికలు. చదువుకోవడానికి ఏమీ దొరకని ప్రభుత్వ కళాశాల విద్యార్థికి దీనివల్ల మేలు లేదని వాదించేవాడు మొండివాడు. కాని ప్రైవేటు కళాశాలల వారికి ఇది మొదటి దశలో వర్తించలేదు. ఆంధ్ర, తెలంగాణాల్లో అటువంటి కళాశాలలెన్నో లెక్క మనకు తెలియనిది కాదు. పైగా ఈ డబ్బుతో మనం కొన్నది ప్రధానంగా చదువుకునే హక్కునే. బ్రెజిల్‌లో ప్రభుత్వ నిధులతో 1998లో మొదలుపెట్టిన సైఎలో ద్వారా పోర్చుగీసు, స్పానిష్ భాషల పత్రికలు అందరికీ ఉచితంగా అందుతున్నవి. మన ఆరువేల కోట్లలో తెలుగులో వెలువడే ఒక్క విమర్శ పత్రికను నిలబెట్టడానికైనా పద్దు లేదు.