చెవి కంటే ముందు కన్ను

పోయినవారం అలిపిరి దాటి తిరుమల రెండో ఘాటు రోడ్డు ఎక్కుతున్న ఒక కొత్త కారులో ఐదుగురు ఉన్నారు. స్టీరింగు పట్టింది ఈమధ్యే లైసెన్సు తెచ్చుకున్న కుర్రాడు. పక్క సీట్లో అతని మేనమామ, అంటే ఈ కాలమిస్టు. ఒక మలుపు దగ్గర కుర్రాడు యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చెయ్యగానే, పై గేరు వెయ్యమంటూ డాష్‌బోర్డు మీద పచ్చబాణం వెలిగింది. వేశాడు. మలుపు తిరిగీ తిరగ్గానే రోడ్డు మళ్లీ నిటారుగా లేచింది. బండి లాగలేక గజగజ వణికింది. వెనక బస్సు హారను కొట్టింది.

"అది వెయ్యమంది కదా మామయ్యా!" అన్నాడు కుర్రాడు. మామయ్యకు కోపం వచ్చింది. అతని మీద కాదు, ఆ బాణం మీద.

ఈ కాలమ్ వదలకుండా చదివేవారికి ఆ కోపం కొత్త కాదు. బండిని చెవితో నడపాలన్న మాట ఇక్కడ చాలాసార్లే వినిపించింది. ఆ నమ్మకానికి పునాది మారుతి 800. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగేదాకా ఎన్నో ఇళ్లకు తొలి కారు అదే. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు, చాలాకాలం నాలుగే గేర్లు. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించే ఆర్‌పీఎం మీటరు దాని మామూలు మోడళ్లలో లేదు. లేదని బాధపడినవారూ లేరు.

బాధపడాల్సిన పనీ లేదు. క్లచ్ పూర్తిగా వదిలాక ఇంజను, చక్రాలు ఒకదానితో ఒకటి ముడిపడి తిరుగుతాయి. ఒక గేరులో ఉన్నంతసేపూ బండి వేగం రెట్టింపైతే ఇంజను చుట్లూ రెట్టింపే. కాబట్టి ఏ గేరులో ఉన్నామో తెలిసినవాడికి స్పీడోమీటరే చాలు. పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ కార్లలో స్పీడోమీటరు మీదే, ఒక్కో గేరులో దాటకూడని వేగం దగ్గర ఎర్ర గుర్తులు పెట్టేవారు. నాలుగు గేర్ల చిన్న కారుకైతే చదును రోడ్డు మీద 20 దగ్గర రెండు, 30 దాటాక మూడు, 45-50 మధ్య టాప్ అన్నది స్థూలంగా సరిపోయే లెక్క.

ఆ లెక్క తప్పేచోట ఇంజనే చెబుతుంది. అరుస్తుంటే పై గేరు అడుగుతున్నట్టు. గొంతు మందగించి, గేరు రాడ్ అరచేతిలో అదిరి, ఎంత తొక్కినా బండి ముందుకు రాకపోతే కింది గేరు కావాలన్నట్టు. ఆర్‌పీఎం మీటరు లేని బైకు మీద ఊళ్లు తిరిగిన కోట్లమందికి ఇది ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

ఇంతవరకూ చెవిదే గెలుపు. అయితే ఘాటు దిగి ఇంటికి వచ్చాక కూడా ఆ మలుపు మనసులోంచి పోలేదు. దానితోపాటే దోర్నాల దాటాక శ్రీశైలం ఘాటు ఎక్కే ఆర్టీసీ బస్సు గుర్తొచ్చింది. చిన్నతనంలో డ్రైవరు పక్కన ఇంజను పెట్టెను ఆనుకుని కూర్చోవడమంటే ఈ కాలమిస్టుకు ప్రాణం. కాళ్లకు వేడి తగిలేది, చెవులు దిబ్బళ్లు పడేవి. ఇన్నాళ్లూ జ్ఞాపకంలో నిలిచింది ఆ హోరే. ఇప్పుడు తలచుకుంటుంటే ఒక సంగతి తడుతోంది: డ్రైవరు చెయ్యి గేరు రాడ్ మీదికి వెళ్లిన తర్వాతే హోరు మారేది. చప్పుడు విని గేరు వేసింది కాదది. ఎదురుగా ఎక్కుడు కనిపించగానే, బండి ఇంకా ఊపులో ఉండగానే వేసింది.

ఆ అలవాటు వెనక ఒక చరిత్ర ఉంది. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. నేటి ఆర్టీసీలకు మూలం అదే. ఆ కాలంలో స్కాట్లాండు నుంచి వచ్చిన ఆల్బియన్ బస్సుల గేరుబాక్సులో సింక్రోమెష్ ఉండేది కాదు. అంటే, కలవాల్సిన రెండు పళ్లచక్రాల వేగాన్ని సమం చేసే పని డ్రైవరుదే. కింది గేరుకు రావాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్ చెయ్యాలి, క్లచ్ వదిలి ఇంజనుకు కాస్త రేజ్ ఇవ్వాలి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వెయ్యాలి. దీన్నే డబుల్ క్లచ్ అంటారు. రేజ్ కొంచెం ఎక్కువైనా తక్కువైనా పళ్లు కరకరలాడతాయి, గేరు పడదు. తర్వాత వచ్చిన తొలినాళ్ల అంబాసిడర్ కార్లలో కూడా ఫస్టు గేరుకు సింక్రోమెష్ లేదు.

చదును మీద గేరు పడకపోతే మళ్లీ ప్రయత్నించవచ్చు. ఎక్కుడు మధ్యలో పడకపోతే నిండు బస్సు న్యూట్రల్‌లో నిలిచి, వెనక్కి జారుతుంది. ఇంజను మూలిగేదాకా ఆగే వెసులుబాటు వాళ్లకు లేదు. అందుకే రోడ్డు చూసి ముందే గేరు దించేవారు. ఇంజను చప్పుడు వాళ్లకు ఆ నిర్ణయం సరైనదేనని చెప్పే సాక్ష్యం మాత్రమే.

దిగేటప్పుడైతే చెవి మరీ ఆలస్యం. టాప్ గేరులో, బ్రేకు మీద కాలుంచి ఘాటు దిగుతుంటే ఇంజను హాయిగా, నిశ్శబ్దంగా ఉంటుంది. బ్రేకులు మాత్రం కాలిపోతుంటాయి. వేడెక్కి పట్టు వదిలేదాకా ప్రమాదం చప్పుడు చెయ్యదు. ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట ఇక్కడిదే. తిరుమలలో దిగడానికి వాడే మొదటి ఘాటు రోడ్డులో ఆ గేరు పైనే, దిగుడు మొదలవకముందే పడాలి.

వినపడనివారి సంగతి చూడండి. పరీక్ష పాసైతే బధిరులకూ లైసెన్సు ఇవ్వాలని 2011లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. గేరు వెయ్యడానికి చెవే ఆధారమైతే వాళ్లు బండి ఎలా నడుపుతారు? కళ్లతో రోడ్డును చదువుతారు. మిగతాది అరచేతికి, అరికాలికి, సీటు అదురుకు తెలుస్తుంది. చెవి మంచి సాయమే, కానీ గేరు దాని చేతిలో లేదు.

అలా చూస్తే ఆ పచ్చబాణం మీద కోపమూ తగ్గింది. చదును రోడ్డు మీద ఇంధనం ఆదా చెయ్యడానికి అది పనికొచ్చేదే. దానికి కాలు ఎంత తొక్కిందో తెలుసు, మలుపు అవతల కొండ ఉందని తెలీదు. ఆర్‌పీఎం మీటరుకూ తెలీదు. అది 2000 చూపిస్తుంటే చదునులో పై గేరు వెయ్యవచ్చు. ఐదుగురితో ఘాటు ఎక్కుతుంటే అదే 2000 దగ్గర పై గేరు వెయ్యకూడదు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వది డ్రైవింగు పరీక్ష గురించి. రద్దీని బట్టి త్వరగా కింది గేరుకు రావడం, దిగుడులో త్వరగా కింది గేర్లు వెయ్యడం, నిటారు ఎక్కుడు మీద ఆగి వెనక్కి జారకుండా బయలుదేరడం వచ్చి ఉండాలని అందులో స్పష్టంగా రాసి ఉంది. డ్రైవింగు స్కూళ్లు నడిపేవారికి ఒకటే విన్నపం. చదును మైదానంలో ఎనిమిది అంకె తిప్పించి పంపెయ్యకండి. మీ ఊరి దగ్గర ఫ్లైఓవరో, చెరువుకట్ట ఎక్కుడో ఏదో ఒకటి ఉంటుంది. డాష్‌బోర్డు మీద ఒక గుడ్డ కప్పి, పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. ఎక్కుడు మొదలవకముందే ఏ గేరు వేస్తారో వాళ్ల నోటితో చెప్పించండి.