నలభై రెండు రోజుల లెక్క

శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో అడ్డపొగ తాగే, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చే ఆడవాళ్లకు క్యాన్సర్ పుండు అంగిట్లో లేస్తుంది. గుట్కా, ఖైనీ నమిలేవాళ్లకు బుగ్గలోనో, నాలుక పక్కనో. ఎక్కడ లేచినా, జబ్బు ముదిరాక వస్తే ఆపరేషన్ ఒక్కటే చాలదు. ఆ తర్వాత కరెంటు పెట్టాలి. రేడియేషన్‌కి మన ఊళ్లలో ఉన్న పేరు అదే.

ఆ రెంటి మధ్యే రోగి జారిపోతాడు.

‘గాయం మానాక రండి’ అని రాసిన డిశ్చార్జి కాగితం ఇల్లు చేరేసరికి ‘గడ్డ తీసేశారుగా, ఇంకెందుకు?’ అన్న మాటవుతుంది. కోతల పని, దారి ఖర్చులు, తోడొచ్చే మనిషి దొరక్కపోవడం... వారాలు గడుస్తాయి. కంటికి కనపడకుండా మిగిలిన కణాలు మాత్రం పెరుగుతూనే ఉంటాయి.

అందుకే ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు కరెంటు మొదలుపెట్టాలంటారు వైద్యులు. ముప్పు ఎక్కువున్న తల, మెడ క్యాన్సర్ రోగులపై అమెరికాలో కియాన్ ఆంగ్ బృందం చేసిన అధ్యయనం 2001లో వెలువడింది. ఆపరేషన్ నుంచి ఆఖరి సిట్టింగ్ దాకా 11 వారాల్లో ముగిసినవాళ్ల ఫలితాలే అందులో మెరుగు. వారానికి 5 చొప్పున 30 సిట్టింగులకు 6 వారాలు పడుతుంది. ఇక చేతిలో మిగిలేవి ఆరు కూడా కాదు, 5 వారాలే.

ఆ అయిదింట్లోనే కుట్లు మానాలి, తీసిన ముక్క రిపోర్టు రావాలి. అంచుల్లో క్యాన్సర్ మిగిలినా, మెడ గ్రంథి పొర దాటినా కరెంటుకు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు తోడవుతుంది. ఆ మందు కిడ్నీల మీదా, వినికిడి మీదా పనిచేస్తుంది కాబట్టి ఆ పరీక్షలూ చెయ్యాలి. ఆపైన, కరెంటు పెట్టేటప్పుడు తల కదలకుండా పట్టి ఉంచే మాస్కు. వేడినీళ్లలో మెత్తబడ్డ చిల్లుల ప్లాస్టిక్ పలకను ముఖం మీద పరిస్తే, నిమిషాల్లో గట్టిపడి ఆ ముఖం అచ్చే తేలుతుంది. తర్వాత వాపు తగ్గినా, తిండి దిగక చిక్కినా అది వదులై మళ్లీ కొత్తది చెయ్యాల్సి రావచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ మరిచిపోయేది పళ్లను. కరెంటు తర్వాత పుచ్చుపన్ను పీకితే దవడ ఎముక మానకపోవచ్చు. ముందే పీకితే చిగురు మానడానికి దాదాపు రెండు వారాలు ఆగాలి. పళ్ల డాక్టరు ఆపరేషన్‌కు ముందే చూసి ఉంటే, అదే మత్తులో చెడ్డ పళ్లూ తీసేస్తారు. ఆ రెండు వారాలూ మిగులుతాయి.

ఈ లెక్క తెలిసిన విభాగాల్లో సర్జన్, కరెంటు డాక్టరు, పళ్ల డాక్టరు కత్తి పట్టకముందే ఒక బల్ల దగ్గర కూర్చుంటారు. డిశ్చార్జి కాగితం మీద ‘గాయం మానాక’ అన్న మాట ఉండదు. ఏ తేదీన, ఏ గదికి, ఎవరి దగ్గరికి రావాలో ఉంటుంది. రోగి కొడుకు ఫోన్ నంబరు కూడా.