వంటింట్లో ద్వీపం

పుస్తకాలు సమీక్షించడం నాకు పాతికేళ్ల అలవాటు. కవిత్వమైతే రెండుసార్లు, నవలైతే ఒకసారి, రాసినావిడ నా స్నేహితురాలైతే కాస్త భయపడుతూ చదివి, నాలుగు ముక్కలు రాస్తుంటాను. పోయిన నెల మా కోడలు నా ముందు ఓ పెద్ద కాగితం పరిచి, "అత్తయ్యా, మీరు అన్నిటికీ విమర్శ రాస్తారుగా! దీని సంగతి కూడా తేల్చండి" అంది. చూద్దును గదా, కొత్తగా కట్టుకుంటున్న ఇంటికి వంటింటి ప్లాను.

గది నడిమధ్యన ఓ గట్టు గీసి ఉంది. వడ్రంగి మూలమట్టంలాగా వంగి, అచ్చం ఇంగ్లీషు 'ఎల్' అక్షరంలా ఉంది.

"దీన్ని ఐలండ్ అంటారత్తయ్యా."

"ద్వీపమా? మరి చుట్టూ నీళ్లేవీ?"

"సింకు కారితే అవే వస్తాయి లెండి" అంది. మా కోడలు అలాంటిదే.

నవ్వుకున్నాను గానీ, ఆ రాత్రి కాగితం ముందు కూర్చుంటే నవ్వు ఆగిపోయింది. ఇంటి ప్లాను కూడా ఓ కథలాంటిదే. నాయిక ఎవరు, ఎక్కడ నిలబడుతుంది, ఎవరి మొహం చూసి మాట్లాడుతుంది, అన్నీ అందులో ముందే రాసి ఉంటాయి. తేడా అల్లా, కథ నచ్చకపోతే మూసి పక్కన పెట్టచ్చు. ఇది గ్రానైటులో అచ్చయ్యాక ముప్పై ఏళ్లు చదవాల్సిందే.

మంచి ముందు చెప్పడం సమీక్షకుల మర్యాద. తూర్పున పెద్ద కిటికీ. కింద అరలకు బదులు బయటికి లాగే సొరుగులు. అడుగున ఉన్న మూకుడు కోసం నేలమీద చతికిలబడక్కర్లేదు. పొగ పోవడానికి గొట్టం. మా అత్తవారింట్లో పెరటివైపు చీకటి కొట్టులో, ఊదుగొట్టంతో పొయ్యి ఊదుకుంటూ కళ్లు మండించుకున్నదాన్ని నేను. ఈ సౌకర్యాల్ని వెక్కిరించే అర్హత నాకు లేదు.

ఏ రచననైనా దాని వంశవృక్షంలో పెట్టి చూడమని మా గురువులు చెప్పేవారు. ఈ ప్లానుకీ వంశం ఉంది. అమెరికాలో కేథరిన్ బీచర్, ఆవిడ చెల్లెలు హారియట్ కలిసి 1869లో గృహనిర్వహణ మీద ఓ పుస్తకం రాశారు. 'అంకుల్ టామ్స్ కేబిన్' రాసిన హారియటే ఈవిడ. ఓడలో వంటవాడికి ఇరుకు చోటులోనే అన్నీ చేతికందుతాయి గదా, ఇంట్లో ఆడదానికి ఎందుకు అందకూడదన్నది అందులో ప్రశ్న. తర్వాత క్రిస్టీన్ ఫ్రెడరిక్ అనే ఆవిడ 1913లో వచ్చిన తన పుస్తకంలో, వంటింట్లో మనిషి వేసే అడుగుల్ని ఫ్యాక్టరీలో కూలివాడి అడుగుల్లాగే లెక్కగట్టింది.

అసలు మలుపు 1926లో, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో వచ్చింది. మార్గరెటె లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్టు, కార్మికుల ఇళ్ల కోసం సుమారు 6 అడుగుల వెడల్పూ 11 అడుగుల పొడవూ ఉన్న బుల్లి వంటిల్లు గీసింది. పప్పూ బియ్యం పోసుకోవడానికి అల్యూమినియం డబ్బాలు, కూర్చుని కూరలు తరుక్కోవడానికి తిరిగే స్టూలు, పక్క గదిలో పిల్లల్ని చూసుకోవడానికి జరిపే తలుపు, అన్నీ అమర్చింది. అలాంటివి 10,000 దాకా కట్టారు. ఇవాళ మనం 'మాడ్యులర్' అంటున్న వంటిళ్లకు ముత్తవ్వ అదే. తమాషా ఏమిటంటే, అది గీసే నాటికి తనకు వంట చేసిన అనుభవమే లేదని ఆవిడే తర్వాత ఒప్పుకుంది. తర్వాత హిట్లర్ పాలన నెదిరించి 1941 నుంచి 1945 దాకా జైల్లో ఉన్న ధైర్యస్థురాలు. అలాంటావిడ కూడా తన వంటింట్లో ఒక్క మనిషికే చోటుంచింది. రెండో మనిషి సాయానికి వస్తే మోచేతులు తగులుకుంటాయి. అడుగులు తగ్గాయి గానీ, ఆ అడుగులన్నీ ఆవిడ ఒక్కర్తివే అయ్యాయి.

మన తెలుగులో విమల 'వంటిల్లు' కవిత చదివారా? చిన్నప్పటి ఘుమఘుమల్తో మొదలయ్యే ఆ కవిత, చివరికొచ్చేసరికి ఈ వంటిళ్లను పడగొట్టాలనే దాకా వెళుతుంది. మొదటిసారి చదివినప్పుడు, పడగొడితే పిల్లలు తినేదేమిటమ్మా అని నేను విసుక్కున్న మాట నిజం. 2021లో 'ద గ్రేట్ ఇండియన్ కిచెన్' అనే మలయాళం సినిమా చూశాక ఆ విసుగు పోయింది. అందులో ఇల్లు పెద్దది, వంటింట్లో చోటుకీ కొదవలేదు. కారే సింకు గొట్టాన్ని బాగుచేయించే తీరిక మాత్రం మొగుడికి ఉండదు. వంటిల్లు ఎంత పెద్దదన్నది కాదు, ఎంతమందిది అన్నదే ఆవిడ బాధ అని అప్పుడు తెలిసింది.

సరే, మా ద్వీపం దగ్గరికొద్దాం. చుట్టూ మనుషులు చేరి, వండే మనిషి వాళ్లతో మాట్లాడుతూ వండుకోవాలనే గదా గట్టును మధ్యలోకి తెచ్చేది! మా ప్లానులో స్టవ్ ఆగ్నేయం మూల, తూర్పు గోడకే ఉంది. వాస్తుకు వాస్తు, పొగగొట్టానికి దారి. ద్వీపానికి పడమటి పక్కన నాలుగు ఎత్తు స్టూళ్లు గీశారు. అంటే చూసేవాళ్లు నలుగురు, వండేది ఒకర్తి, అదీ వాళ్లకు వీపు పెట్టి! నాటకంలో కూడా పాత్రధారి ప్రేక్షకులకు వీపు చూపించదు.

రెండో లోపం, ఫ్రిజ్. అది పడమటి గోడకుంది, ద్వీపం అడ్డం. పెరుగు గిన్నె తెచ్చుకోవాలంటే పొడుగు చేయి చుట్టూ ప్రదక్షిణే. మూడోది, పొట్టి చేయి స్టవ్ వైపుకు చాచి ఉంది. మధ్య దారి 3 అడుగులే. ఒకరు సొరుగు లాగితే రెండోవారు ఆ మూలలో బందీ. ఇక ఎల్ మడత లోపలి అరలో చెయ్యి దూరదు. పెళ్లిలో ఇచ్చిన ఫ్లాస్కులన్నీ అక్కడ సమాధి కావలసిందే.

"కాగితం మీద ఇవన్నీ తెలియవు. ముగ్గుపిండి తీసుకురా" అన్నాను కోడలితో.

ఆదివారం పొద్దున్నే మేడ మీద టేపు పెట్టి కొలిచి, ప్లాను మొత్తం అసలు కొలతల్తో ముగ్గేశాం. పాత కుర్చీ స్టవ్, బక్కెట్టు సింకు, చాపచుట్ట ఫ్రిజ్. ఉత్తచేతుల్తో పెసరట్లు పోసింది మా కోడలు. సింకు నుంచి స్టవ్‌కి 9, స్టవ్ నుంచి ఫ్రిజ్‌కి 14, ఫ్రిజ్ నుంచి సింకుకి 11, వెరసి 34 అడుగులు. ఈ మూడు దూరాలూ కలిపి 26 అడుగులు దాటకూడదని అమెరికా వంటింటి నిపుణుల లెక్క. ఆఫీసు నుంచి నడుం నొప్పితో వచ్చే పిల్ల రోజుకెన్నిసార్లు ఆ చుట్టు తిరగాలి!

అంతవరకూ ముగ్గు అవతల నిలబడి ఫోను చూసుకుంటున్న మా అబ్బాయి, గీతల్ని చూసి, "అమ్మా, మరి నేనెక్కడ నిలబడను?" అన్నాడు.

ఎవరం మాట్లాడలేదు. వాడు చెడ్డవాడు కాదు. చెబితే ఉల్లిపాయలు తరుగుతాడు. కానీ లక్షలు పోసి కట్టుకుంటున్న ఆ గీతల్లో వాడికి స్టూలుంది గానీ పీట లేదు. చోటే చూపించకుండా, సాయం చేయలేదని రేపు సణుక్కుని ఏం లాభం? ఆ సణుగుడు నేను నలభై ఏళ్లు చేశాను. మా ఆయన్ని ఒక్కనాడూ లోపలికి పిలవలేదన్న సంగతి ఆ ముగ్గు ముందే గుర్తొచ్చింది.

చీపురు తెచ్చి పొట్టి చేయి చెరిపేశాం. దాన్ని పడమటి వైపుకు తిప్పి గీశాం. ఇప్పుడు మడత కుటుంబంవైపు తెరుచుకుంది. ఆ చేయి ఎత్తు 30 అంగుళాలే. మామూలు కుర్చీలో కూర్చుని నాలాంటిది కూడా కూరలు తరగచ్చు. పొడుగు చేయి 34 అంగుళాలు, దానిమీద తరుగుడూ పిండి కలుపుడూ. వండే మనిషి ఇటు తిరిగితే ఎదురుగా మొహాలుంటాయి. గట్టుకూ ద్వీపానికీ మధ్య 4 అడుగులు, ఇద్దరు ఒకరినొకరు తోసుకోకుండా తిరగచ్చు. ఫ్రిజ్ ఉత్తరం గోడకు, సింకు పక్కకు వెళ్లింది. ఎత్తు స్టూళ్లు నాలుగూ కొట్టేశాం. ఆర్కిటెక్టు మొదట మొహం చిట్లించినా, కొత్త ప్లాను వారంలో పంపించాడు.

ఇక నా తీర్పు. ఎల్ ఆకారం ద్వీపం మంచి రచనే, పాఠకులు కూడా పని చేయాలనే షరతు మీద. మీ ఇంట్లో ఇలాంటి ప్లాను వస్తే రంగులూ పాలరాయీ తర్వాత చూద్దురుగాని. ముందు గుప్పెడు ముగ్గుపిండి పట్టుకుని ఇంటిల్లిపాదినీ మేడెక్కించండి. ఎవరి చోటు ఎక్కడో వాళ్లనే నిలబడి చూపించమనండి.

అన్నట్టు, కొత్తింటికి ఇంకా ఆరు నెలలుంది గానీ, మా వారు ఇప్పట్నించే చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం నేర్చుకుంటున్నారు. సగం కాయ ఈనెతోపాటే పోతోంది. పోనిద్దురూ, మొదటి ముద్రణలో అచ్చుతప్పులు ఉండవూ!