హంతకుడు దొరికాక మిగిలే ప్రశ్న

అపరాధ పరిశోధన కథలంటే మన పిల్లలకు ఇష్టం. శవం దొరుకుతుంది, డిటెక్టివ్ వస్తాడు, చివరి పేజీలో హంతకుడు బయటపడతాడు. చనిపోయినవాళ్లు ఆదివాసులైనప్పుడు ఈ కథ అక్కడితో ముగుస్తుందా? అమెరికాలోని ఓసేజ్ తెగ హత్యలపై డేవిడ్ గ్రాన్ 2017లో ‘కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్’ పుస్తకం రాశాడు. దాని ఆధారంగా మార్టిన్ స్కోర్సేసీ 2023లో సినిమా తీశాడు. ఆ రెండింటినీ ఈ ప్రశ్నతోనే చూస్తున్నాం.

కాన్సాస్ నుంచి వెళ్లగొట్టాక ఓసేజ్‌లు ఓక్లహోమాలో రాతినేల కొనుక్కున్నారు. దానికింద చమురు పడింది. 1906 చట్టం ఆ ఆదాయాన్ని తెగ ఉమ్మడి సొత్తుగా ఉంచి, 2,229 మందికి తలా ఒక వాటా ఇచ్చింది. ఆ వాటా అమ్మడానికీ కొనడానికీ వీల్లేదు, వారసత్వంగానే రావాలి. అందుకే పెళ్లి ఒక దారి అయింది, చావు మరొక దారి. పైగా 1921 చట్టం సగమూ అంతకుమించీ ఓసేజ్ రక్తమున్నవాళ్లు సమర్థులమని రుజువు చేసుకునేదాకా, వాళ్ల డబ్బుపై సంరక్షకులను పెట్టింది. తమ డబ్బు ఖర్చు చేసుకోవడానికి వాళ్లు తెల్లవాళ్లను అడగాల్సి వచ్చింది.

మోలీ బర్క్‌హార్ట్ అక్క అన్నాను 1921 మే నెలలో కాల్చి చంపారు. 1923 మార్చిలో చెల్లెలు రీటా ఇంటిని బాంబుతో పేల్చారు. మోలీ భర్త ఎర్నెస్ట్, అతని మేనమామ విలియం హేల్ ఈ కుట్రలో ఉన్నారు. ఓసేజ్‌ల మిత్రుడినని చెప్పుకున్నవాడే హేల్. ఓసేజ్ మండలి కేంద్ర ప్రభుత్వానికి మొరపెట్టుకుంది. దర్యాప్తు ఖర్చు కూడా తెగే భరించాల్సి వచ్చింది.

గ్రాన్ పుస్తకంలో మాకు విలువైనది మూడో భాగం. పరిశోధక అధికారి టామ్ వైట్ హేల్‌ను పట్టుకోవడంతో కథ ముగిసిపోవచ్చు. గ్రాన్ అక్కడ ఆగలేదు. పాత కాగితాలు తిరగేసి, విచారణకే రాని చావులు ఇంకా ఎన్నో ఉన్నాయని చూపించాడు. సంరక్షకులు, డాక్టర్లు, వ్యాపారులు తెలిసీ నోరు మూసుకున్నారు. నేరం ఒక ముఠాది మాత్రమే కాదు, ఒక ఊరిది, ఒక చట్టానిది.

సినిమా హంతకులెవరో మొదట్లోనే చెప్పేస్తుంది. ఉత్కంఠను వదులుకుని నమ్మకద్రోహాన్ని చూపడం మంచి నిర్ణయం. కానీ కథ ఎక్కువగా ఎర్నెస్ట్ కళ్లతోనే నడుస్తుంది. లిలీ గ్లాడ్‌స్టోన్ మోలీగా ఎంత గొప్పగా నటించినా, మోలీ చాలాసేపు మంచంమీదే ఉంటుంది. ఇది మోలీ వైపు నుంచి చెప్పి ఉంటే బాగుండేదని సినిమాకు పనిచేసిన ఓసేజ్ భాషా సలహాదారుడే అన్నాడు. ఆ మాటతో మేం ఏకీభవిస్తున్నాం. చివర్లో స్కోర్సేసీ తానే కనిపించి మోలీ మరణవార్త చదువుతాడు. అందులో హత్యల ప్రస్తావన లేదని చెబుతాడు. తన కథకూ హద్దుందని ఆయన ఒప్పుకున్నట్టే మాకు తోచింది.

ఇది మనకెందుకు? 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన సవరణను మనం 1/70 అంటాం. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదని అది చెబుతుంది. అయినా గిరిజన స్త్రీని పెళ్లాడి ఆమె పేరున భూమి రాయించి, సాగు, రాబడి తమ చేతిలో ఉంచుకునేవాళ్లు మనకు కొత్త కాదు. ఓసేజ్‌లలా మనవాళ్లందరినీ చంపారని అనడం లేదు. ఒక రక్షణ చట్టం చుట్టూ పెళ్లి ఎలా దారి తీస్తుందో పోల్చి చూడమంటున్నాం.

ఉపాధ్యాయ మిత్రులు ఈ కథను తరగతిలో చెబితే ‘చంపిందెవరు’ అని అడిగి ఊరుకోవద్దు. లాభం ఎవరికి చేరింది, ఏ కాగితం దానికి దారిచ్చింది, తెలిసీ ఎవరు మాట్లాడలేదు అని కూడా అడగండి. యువతీ యువకులు తమ ఊరి భూమి కథ రాసేటప్పుడు ఈ మూడింటికీ జవాబు వెతికితే, మోలీ లాంటివాళ్లు మంచంమీద పడుకున్న పాత్రలుగా కాక కథ చెప్పేవాళ్లుగా కనిపిస్తారు.